వెనక వరస

సోమవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక యజమానురాలు ఉమ్ సాద్ కుట్టు దుకాణంలోకి వచ్చింది. ఒంటి మీది నల్ల అబాయా విప్పలేదు. బట్టలు కత్తిరించే బల్ల మీద ఒక కాగితం పెట్టి, ఎగరకుండా దాని మీద తాళాల గుత్తి పెట్టింది.

రెబెక్కా కుట్టుమిషను ఆపింది. షాలిని ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది.

"ఎర్రలో పడ్డాం," అంది ఉమ్ సాద్ అరబీలో.

ఆ మాటకి అర్థం తాయిఫ్ దుకాణాల్లో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. సౌదీలను తగినంతమందిని పెట్టుకోని దుకాణానికి నితాఖాత్ అనే సర్కారు లెక్కలో ఎరుపు రంగు ఇస్తారు. ఎరుపులో ఉన్న దుకాణం ఎవరి ఇఖామానూ, అంటే దేశంలో ఉండనిచ్చే కార్డుని, రెన్యూ చేయించలేదు. రెబెక్కా ఇఖామాకి, షాలిని ఇఖామాకి ఇంకా ఇరవై రెండు రోజుల గడువే ఉంది.

"అబీర్ అని మా వీధి పిల్లని పెట్టుకుంటున్నాను. ఆమె వస్తే ఒక్క ఇఖామా రెన్యూ అవుతుంది. పరదేశి పనివాళ్ళ మీద లెవీ పెంచారు, మీకు తెలుసు. ఇద్దరికి కట్టలేను."

"ఎవరికి కడతారు మేడమ్?" అని షాలిని అడిగింది. రెబెక్కా అడగలేదు.

"గురువారం పెళ్ళి అయ్యాక చెబుతాను."

ఉమ్ సాద్ దుకాణంలో పగలు ఆడవాళ్ళ బట్టలు కుడతారు. సెలవు రోజుల్లో ఆమె పెళ్ళిహాళ్ళలో, ఆడవాళ్ళ వైపు పాడుతుంది. వెంట ముగ్గురు సూడాన్ ఆడవాళ్ళు డప్పులు కొడతారు. పాట మొదలైనా అతిథులు వెంటనే లేవరు. ముందు ఎవరో ఒకరు లేచి ఆడాలి. ఆ పని రెబెక్కాది, ఒక ఇథియోపియా ఆమెది. కాగితాల్లో ఇద్దరూ దర్జీలు. ఇథియోపియా ఆమె రెండు వారాల కిందట ఎగ్జిట్ వీసా కొట్టించుకుని తన దేశం వెళ్ళిపోయింది. షాలిని వచ్చి ఎనిమిది నెలలైంది. ఇంతవరకు మిషను దగ్గరే ఉంది. హాలు గుమ్మం చూడలేదు.

ఉమ్ సాద్ షాలిని వెనక్కి వెళ్ళి, ఆమె జడకి ఉన్న రబ్బరు బ్యాండు లాగింది. జుట్టు విప్పి చేత్తో బరువు చూసింది. ఇక్కడి ఆటలో పాదాలకన్నా జుట్టుకి పని ఎక్కువ. తల తిప్పితే జుట్టు తిరగాలి.

"గురువారం ఈమె కూడా ఆడుతుంది. నేర్పు," అంది రెబెక్కాతో. "పన్నెండేళ్ళు చేశావు. నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు."

ఆమె వెళ్ళాక షాలిని జుట్టు మళ్ళీ అల్లుకుంది. రెబెక్కా మిషను మీదికి వంగి, ఆపిన చోటునుంచి కుట్టింది. జానెడు కుట్టాక చూస్తే సూదిలో దారం లేదు.

*

మంగళవారం వాళ్ళు ఉండే గదిలో షాలిని మంచం మీద బోర్లా పడుకుని రూళ్ళ పుస్తకం ముందు పెట్టుకుంది. రెబెక్కా కింద కూర్చుని లంగా అంచుకి పూసలు కుడుతోంది. ఇద్దరిదీ పశ్చిమ గోదావరి, అత్తిలి ఒకరిది, పెనుగొండ ఒకరిది. పదిహేనేళ్ళ తేడాతో ఇద్దరూ ఒకే తణుకు ట్రూపులో రికార్డింగ్ డాన్సులు చేశారు.

"డాన్సుకి రూల్సేంటక్కా? మాస్టరు ఒకటే చెప్పేవాడు. స్టేజీ మీద పడిపోతే, అదీ స్టెప్పే అనుకుని లెగమనేవాడు."

"నువ్వు పడ్డావా?"

"నేనెందుకు పడతాను? స్టేజీయే పడిపోయింది, ఇరగవరంలో. అయినా లెగిసి నవ్వాను."

రెబెక్కా నవ్వి, దారం పళ్ళతో తెంపింది.

"రాసుకో. ఫోను గుమ్మం దగ్గర ఇచ్చెయ్యాలి. అడక్కముందే ఇయ్యి. వాళ్ళు సంచి వెతికే దాకా తెచ్చుకోకు. తెల్లబట్ట కట్టకూడదు, అది పెళ్ళికూతురిది. సెంటు పూసుకోకూడదు. పెళ్ళివాళ్ళే ధూపం పట్టిస్తారు, అప్పుడు అబాయా విప్పి చేతులు చాపాలి. గచ్చు పాలరాయి, జారుద్ది. అరికాళ్ళకి పెప్సీ రాసుకుని ఆరనివ్వు."

"పెప్సీనా?"

"జిగురుగా ఉంటుంది. పెళ్ళికూతురు కూర్చునే వేదిక ఉంటది చూడు, దానికి వీపు చూపించకూడదు. తిరుగు, కానీ ఆగేటప్పుడు అటే మొహం ఉండాలి. మీద నోట్లు చల్లుతారు. వంగకు. అవి ఏరడానికి మనిషి ఉంటది. కాఫీ పొయ్యమంటే దల్లా, అదే కాఫీ కూజా, ఎడం చేత్తో, కప్పు కుడి చేత్తో. కప్పులో మూడో వంతే. నిండా పోస్తే, తాగి ఇంక వెళ్ళు అన్నట్టు."

"మనవాళ్ళయితే సగం పోశారని దెప్పుతారు."

"మనవాళ్ళు కాదు కదా. ఇదొకటి బాగా గుర్తుపెట్టుకో. అక్కడ జనం మన్ని చూడ్డానికొస్తారు. ఇక్కడ మనం వెళ్ళేది జనాన్ని లేపడానికి. వాళ్ళు లేచాక మనం లేం."

"లేం అంటే?"

"ఉంటాం. గోడ పక్కకి జరిగి చిన్నగా చప్పట్లు కొడుతూ ఉంటాం. కానీ లేం."

షాలిని ఆ మాట అలాగే రాసుకుంది. కాసేపు పెన్ను చివర కొరికింది.

"రేపెప్పుడన్నా బజార్లో వాళ్ళు కనిపిస్తే?"

"వాళ్ళు మనకి తెలీదు. మనం వాళ్ళకి తెలీదు."

*

బుధవారం దుకాణం మూశాక మంచాలు గోడకి జరిపి ఆడి చూశారు. రెబెక్కా చేతులు చరుస్తూ తాళం వేసింది. షాలిని ఒక్కసారి చూపిస్తే పట్టుకుంటోంది. మెడ తిప్పడంలో తొందర ఉంది, అది రెండు రోజుల్లో పోతుంది. రెబెక్కా లేచి పక్కన నిలబడి నాలుగు అడుగులు వేసింది. అయిదో అడుగుకి మంచం కోడు పట్టుకుంది.

షాలిని వంటగదిలోకి వెళ్ళి, ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టుకొచ్చింది. రెబెక్కా మోకాలి మీద పెట్టి తీసి పెట్టి తీసి కాపడం పెట్టింది.

"కాలుద్దా?"

"లేదు."

రెబెక్కా ఫోనులో కొడుకు నెహెమ్యా పంపిన వాయిస్ మెసేజీ ఉంది. ఏలూరులో నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇంకో రెండేళ్ళుంది. ఆమె మధ్యాహ్నం ఒకసారి విన్నది, ఇప్పుడు మళ్ళీ విన్నది. అమ్మా, కాలేజీలో ఫీజుకి తేదీ చెప్పారు, కంగారు లేదు, నీ వీలు చూసుకుని పంపు అంటున్నాడు.

"మంచోడక్కా మీవాడు. మా కీర్తన అయితే ఫోనెత్తగానే ఎప్పుడొస్తావు అంటది. నాలుగేళ్ళు దానికి. ఎప్పుడొస్తావు అనేది నేర్పిందే మా అమ్మ." షాలిని మూట విప్పి ఉప్పు మళ్ళీ వేడి చేసుకొచ్చింది. "మాస్టరు చెప్పేవాడు గుర్తుందా? ముందు కుర్చీల్లో ప్రెసిడెంటు, కరణం ఉంటారు, వాళ్ళు కదలరు. వెనకాల నిలబడ్డవాళ్ళ దగ్గరికి ఎల్లి, చెయ్యి పట్టి లాగు. వాళ్ళు కదిల్తే ముందువాళ్ళు వాళ్ళే కదుల్తారు."

"గుర్తుంది," అంది రెబెక్కా.

షాలిని పుస్తకం తెచ్చుకుని పేజీ తిప్పింది. "ఇంకేమన్నా ఉందా?"

ఒకటి ఉంది. ఇక్కడ పెళ్ళిళ్ళకి పిలవనివాళ్ళు కూడా వస్తారు. హాల్లోకి వచ్చాక అతిథులందరూ అబాయాలు విప్పుతారు. ఈ పిలవనివాళ్ళు విప్పరు. నల్ల ఓణీ మొహానికి అడ్డంగా లాక్కుని, చేత్తో పట్టుకుని, వెనక వరసలో కూర్చుని చూసి వెళ్ళిపోతారు. వాళ్ళని ఎవరూ పలకరించరు, ఎవరూ వెళ్ళమనరు. ఆడేవాళ్ళు ఆ వరస దగ్గరికి పోకూడదు. రెబెక్కా వచ్చిన మొదటి ఏడాది అటు రెండడుగులు వేసింది. ఇథియోపియా ఆమె లంగా పట్టుకుని వెనక్కి లాగింది.

షాలిని పెన్ను కాగితం మీద ఆనించి చూస్తోంది.

"ఇంకేం లేదు," అంది రెబెక్కా.

*

గురువారం రాత్రి ఇషా నమాజు అయ్యాక మస్తాన్ వలీ కారు తెచ్చాడు. రాయచోటి మనిషి, ఉమ్ సాద్ ఇంటి డ్రైవరు. పరదేశి కుటుంబాల మీద సర్కారు ఫీజు వేశాక పోయిన ఏడాది భార్యని, పిల్లల్ని ఊరికి పంపేశాడు.

"ఏందక్కా, ఇద్దురూ గమ్మునుండారు?"

"నీ పాట వినాలని," అంది షాలిని.

"నా పాట అయిపోతాంది పాపా. ఆడోళ్ళకు లైసెన్సులు ఇస్తాండారు. మేడమ్ బండి నేర్చుకునిందంటే నేనూ రాయచోటికే. ఆమె బ్రేకు యాడుండాదో తెలుసుకునేదాకా నాకు నౌకరీ ఉంటది."

షాలిని నవ్వింది. కారు కొండ మలుపు తిరిగింది.

"ఈ పొద్దు పెండ్లికొడుక్కు ఇది రెండోదంట," అన్నాడు మస్తాన్ వలీ. "మొదటామెను ఇడిసిపెట్టలేదు. ఆమె బిడ్డ ఈ పెండ్లిలో పూలు జల్లుతాదంట. వాళ్ళ డ్రైవరు చెప్పినాడు."

"ఆమె వస్తదా పెళ్ళికి?" అని షాలిని అడిగింది.

"ఎట్లొస్తది పాపా? ఎవురు పిలుస్తారు?"

రెబెక్కా కిటికీ అద్దం దించి మళ్ళీ ఎక్కించింది. హాలుకి ఇంకా పది నిమిషాల దారి ఉంది. పది నిమిషాల్లో ఆ ఒక్క మాట నాలుగుసార్లు చెప్పొచ్చు. షాలిని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుకుంటోంది.

హాల్లో అంతా రాసుకున్నట్టే చేసింది. ఫోను అడక్కముందే ఇచ్చింది. పెప్సీ రాసుకుని గోడకి ఆనుకుని, పాదాలు ఆరేదాకా నిలబడింది. ధూపానికి చేతులు చాపింది. ఉమ్ సాద్ మొదటి పాట ఎత్తుకుంది. ఇద్దరూ గచ్చు మీదికి వెళ్ళారు. రెండు పాటలయ్యేసరికి రెబెక్కా మోకాలు పట్టేసింది. గోడ పక్కకి జరిగింది. కాఫీ పోసే ఆమె దల్లా, కప్పులు ఆమె చేతికిచ్చి వెళ్ళింది.

మూడో పాటకి షాలిని ఒక్కతే ఉంది. జుట్టు విప్పుకుంది. వేదిక వైపు ఆగింది, వీపు చూపించలేదు. నోట్లు పడ్డాయి, వంగలేదు. ముందు సోఫాల్లో కూర్చున్న అత్తలు, పిన్నులు చూస్తున్నారు, లేవలేదు. ఉమ్ సాద్ మైకు పక్కకి తిప్పి, "లేపు," అంది.

షాలిని ముందు వరస చూసింది. మధ్య వరసలు చూసింది. తర్వాత వెనక్కి చూసింది. అక్కడ గోడ వెంబడి ఏడెనిమిది మంది నల్లబట్టల్లో కూర్చుని ఉన్నారు.

రెబెక్కా ఒక ముసలామెకి కాఫీ పోస్తోంది. షాలిని సోఫాల మధ్యనుంచి వెనక్కి నడవడం చూసింది. పాతిక అడుగులు ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే వినిపిస్తుంది. డప్పుల మధ్య తెలుగు మాట ఎవరికీ అర్థం కాదు. పిలవడానికి నోరు తెరిచింది.

"బస్, బస్," అంటోంది ముసలామె. కప్పు నిండి, కాఫీ ఆమె వేళ్ళ మీదికి పోతోంది.

షాలిని వెనక వరసలో చివర కూర్చున్న ఆమె ముందు ఆగి, నవ్వి, రెండు చేతులూ పట్టుకుని లేపింది. ఆ రెండు చేతుల్లో ఒకటి మొహం మీద ఓణీ పట్టుకున్న చెయ్యి. ఓణీ జారి భుజం మీద పడింది.

ముప్పై ఏళ్ళు దాటిన మనిషి. కళ్ళకి కాటుక పెట్టుకుని వచ్చింది. రెబెక్కా ఆమెని గుర్తుపట్టింది. తొమ్మిదేళ్ళ కిందట ఈ హాల్లోనే ఆమె పెళ్ళికి తను ఆడింది.

డప్పులు ముందు ఒకటి ఆగింది, తర్వాత రెండు ఆగాయి. పెళ్ళికొడుకు తల్లి సోఫాలోంచి లేచింది. వేదిక మెట్ల దగ్గర, పూలబుట్ట పట్టుకున్న ఏడేళ్ళ పిల్ల వెనక్కి తిరిగి, "యుమ్మా," అని అమ్మని పిలిచింది.

పిల్ల పరిగెత్తలేదు. ఎవరో భుజం పట్టుకున్నారు. అక్కడినుంచే తన గౌను అంచు రెండు చేతులతో ఎత్తి చూపించింది.

ఆమె చూసింది. తల ఊపింది. ఓణీ మొహం మీదికి లాక్కుని గుమ్మం వైపు నడిచింది. గుమ్మం ముందు వైపు ఉంది. హాలు పొడుగునా, సోఫాలన్నిటి మధ్యనుంచి నడవాల్సి వచ్చింది.

షాలిని చేతులు ఇంకా ముందుకే చాపి ఉన్నాయి.

*

శుక్రవారం ఉమ్ సాద్ ఇద్దరినీ బల్ల ముందు నిలబెట్టింది. ఆమె గొంతు పోయింది. పెళ్ళివాళ్ళతో తెల్లవారేదాకా మాట్లాడింది. వచ్చే నెలలో రెండు పెళ్ళిళ్ళు పోయాయి.

"ముసుగువాళ్ళ దగ్గరికి పోకూడదని తెలియదా నీకు?"

షాలిని బల్ల మీది కత్తెర వైపు చూసింది.

"రెబెక్కా నీకు చెప్పలేదా?"

రెబెక్కా మోకాలికి కట్టిన పట్టీ ఊడి చీలమండ మీదికి జారింది. వంగి లాక్కోలేదు.

"చెప్పింది మేడమ్," అంది షాలిని. "నేనే మర్చిపోయాను."

ఉమ్ సాద్ సొరుగులోంచి షాలిని పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది.

*

బుధవారం ఎగ్జిట్ వచ్చింది. జెద్దాలో విమానం దగ్గర మస్తాన్ వలీ దింపుతానన్నాడు. షాలిని పెట్టె పది నిమిషాల్లో సర్దుకుంది. కీర్తన కోసం కొన్న బూట్లలో వెంట్రుక క్లిప్పులు కుక్కింది. రెబెక్కా పెట్టె మీద కూర్చుంటే, షాలిని జిప్పు లాగింది.

"ఎందుకలా చెప్పావే?" అంది రెబెక్కా.

"ఎలా?"

"చెప్పానని."

"చెప్పలేదంటే ఇద్దర్నీ పంపేసేది. ఒకళ్ళన్నా ఉండాలి కదా. నెహెమ్యా చదువు సగంలో ఉంది." షాలిని జిప్పు చివర చిన్న తాళం వేసింది. తాళంచెవి గాజుకి కట్టుకుంది. "నాదేముంది, మళ్ళీ ఎక్కడో చోట ఎక్కుతాను. జాతరలు లేవంటున్నారుగానీ, పెళ్ళిళ్ళకి పిలుస్తున్నారంట."

రెబెక్కా పెట్టె మీదినుంచి లేవలేదు.

"అన్ని చెప్పావు. ఒకటి మర్చిపోతే ఏమైందిలే," అంది షాలిని. తర్వాత తల పైకెత్తి చూసింది. "మర్చిపోయావు కదక్కా?"

కింద మస్తాన్ వలీ హారన్ కొట్టాడు.

"మర్చిపోయాను," అంది రెబెక్కా.

"అదే."

షాలిని మంచం మీదినుంచి రూళ్ళ పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "ఊళ్ళో నాకెందుకు ఇది. కొత్తగా ఎవరన్నా వస్తే ఇయ్యి."

మెట్లు దిగేటప్పుడు పెట్టె తను ఒక పక్క, రెబెక్కా ఒక పక్క పట్టుకున్నారు. మోకాలు చూసి, షాలిని రెండో అంతస్తులో పెట్టె మొత్తం తనే తీసుకుంది.

*

అబీర్ శనివారం పనిలో చేరింది. ఇరవై రెండేళ్ళు. హాజరు కార్డు మెడలో వేసుకుని వచ్చింది. దుకాణం రంగు మారింది. రెబెక్కా ఇఖామా రెన్యూ అయింది. నెహెమ్యా కాలేజీ రసీదు ఫొటో తీసి పంపాడు.

"హాల్లో కాఫీ ఈమె పోస్తుంది. కొన్నాళ్ళయ్యాక మిగతా పనీ చూసుకుంటుంది," అంది ఉమ్ సాద్. "నేర్పు."

రెబెక్కా రూళ్ళ పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచింది. ఇంతవరకు తెరవలేదు. ఫోను అడక్కముందే ఇయ్యాలి. తెల్లబట్ట కట్టకూడదు. పెప్సీ. వీపు. కప్పులో మూడో వంతు. లేచాక మనం లేం. చివరి మాట దగ్గర పేజీ అయిపోయింది. తిప్పింది.

అవతలి పేజీలో వేరే రంగు పెన్నుతో ఇంకొకటి ఉంది. అక్షరాలు అవే.

"వెనక వరసలో ముసుగు తియ్యనివాళ్ళ దగ్గరికి పోకూడదు. చెయ్యి పట్టుకోకూడదు. వాళ్ళు చూడ్డానికి వస్తారు, చూడనివ్వాలి. రెబెక్కా అక్క చెప్పింది."

"ఏం రాసుంది?" అని అబీర్ అడిగింది.

రెబెక్కా ముందు పేజీలు వదిలేసి, ఆ ఒక్కటి అరబీలో చెప్పింది. కొన్ని మాటలకి ఆగింది. చివర రాసిన మాట చెప్పలేదు.

అబీర్ నవ్వింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ పక్కన నేనూ అలాగే కూర్చునేదాన్ని అంది.

"ఇది కూడా ఎవరైనా చెప్పాలా?"

రెబెక్కా పుస్తకం మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టింది.

"చెప్పాలి," అంది.